బంగారం కరిగేటప్పుడు పైరోమీటర్ తక్కువెందుకు చూపిస్తుంది?

అన్నా, నల్గొండలో మీ దుకాణంలో మూసలో మేలిమి బంగారం కరుగుతుంటే పైరోమీటర్ (వెలుగును బట్టి దూరం నుంచే వేడిని కొలిచే పరికరం) 950 డిగ్రీల దగ్గరే ఆగిపోతోంది, పాడైందా అని అడిగారు కదా, పాడు కాలేదు. ఉద్గారత, అంటే అదే వేడిలో ఉన్న కృష్ణ వస్తువుతో పోలిస్తే ఒక వస్తువు ఎంత భాగం వెలుగునిస్తుందో చెప్పే అంకె, 1 అని పెట్టి ఉంటే అది చూపించేది అసలు వేడి కాదు, రేడియన్స్ టెంపరేచర్. అంటే అంతే వెలుగునిచ్చే కృష్ణ వస్తువు (తనమీద పడ్డ వెలుగంతా పీల్చుకునే, ఉద్గారత 1 ఉండే ఆదర్శ వస్తువు) ఎంత వేడిగా ఉండాలో ఆ లెక్క. మెరిసే లోహం ఉద్గారత ఒకటి కన్నా చాలా తక్కువ కాబట్టి అంకె కిందికే వస్తుంది. బంగారం కరిగేది 1064.18 డిగ్రీల సెల్సియస్ దగ్గర, 0.65 మైక్రాన్ల ఎరుపు కాంతిలో చూస్తూ ఉద్గారత 0.2 అనుకుంటే, దాదాపు 946 వస్తుంది.

కరిగేంతసేపూ ఇచ్చిన వేడంతా గుప్తోష్ణంగా, అంటే ఉష్ణోగ్రత పెంచకుండా కరిగించడానికే, పోతుంది, అందుకే అంకె కదలకుండా నిలబడే ఆ కొద్దిసేపట్లోనే చదవాలి. అసలు ఉష్ణోగ్రత మనకు ముందే తెలుసు కాబట్టి, ఆ తేడాను బట్టి ఉద్గారతనే లెక్కగట్టొచ్చు, నాకైతే ఇదే అన్నిటికన్నా అందమైన సంగతి.

వెలిగారం పొర పైన తేలుతుంటే మాత్రం ఆ అంకెను నమ్మకండి, మీరు చూస్తున్నది బంగారాన్ని కాదు. మంట వెలుగు కూడా బంగారంమీద పడనివ్వకండి. అసలు వేడే కావాలంటే, కరిగే బంగారం మధ్యలో సన్నటి నోరున్న గ్రాఫైట్ గొట్టం దించి దాని లోపలికి గురిపెట్టండి, అది దాదాపు కృష్ణ వస్తువులాగే వెలుగుతుంది.