ఠాణా సీసీ కెమెరా రికార్డింగు: ముందు భద్రపరచమని రాయండి

ఒడిశాలోని పర్లాకిమిడి సోదరునికి నమస్కారం. మీ తమ్ముణ్ణి రాత్రంతా ఠాణాలో ఉంచిన నాటి కెమెరా దృశ్యాలు ఇవ్వడం కుదరదని నోటిమాటగా చెప్పారని రాశారు. ఆ మాటతో ఆగిపోకండి.

పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు 2020 డిసెంబరు 2న ప్రతి పోలీసు స్టేషనులో కెమెరాలు ఉండాలనీ, రికార్డింగులను 18 నెలలు, అంత సామర్థ్యమున్న పరికరాలు దొరకకపోతే కనీసం ఒక ఏడాది భద్రపరచాలనీ ఆదేశించింది. అయినా పాత దృశ్యాలు చెరిగిపోయే ప్రమాదం ఉంది కనుక, తేదీ, సమయం, కెమెరా ఉన్న చోటు స్పష్టంగా పేర్కొంటూ, ఆ భాగాన్ని భద్రపరచమని ఠాణా అధికారికీ జిల్లా ఎస్పీకీ ఈరోజే స్పీడ్ పోస్టులో లేఖ పంపండి. నా దృష్టిలో అన్నిటికంటే ఇదే ముఖ్యం.

తరువాత ఆ దృశ్యాల కాపీ కోరుతూ సమాచార హక్కు దరఖాస్తును ఫారం-ఎ అనే నమూనా పత్రంలో, ఒడియాలో గానీ ఇంగ్లీషులో గానీ ఇవ్వండి. అక్కడ మన తెలుగు దరఖాస్తుకు చట్టం హామీ ఇవ్వదు. 30 రోజుల్లో జవాబు రావాలి. ఇవ్వకపోవడానికి దర్యాప్తు సాగుతోందని అనడం ఒక్కటే చాలదు, దృశ్యాలు ఇస్తే దానికి ఆటంకం ఎలా కలుగుతుందో వారు చెప్పాలి. చెప్పకపోతే అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు వేయండి.

కాపీతో పాటు భారతీయ సాక్ష్య అధినియమం (సాక్ష్యాల చట్టం) 63(4) సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం, అందులో ఫైలుకు వేలిముద్ర వంటి హ్యాష్ విలువ కూడా అడగండి. అది లేని పెన్‌డ్రైవ్‌ను కోర్టులో సాక్ష్యంగా నిలబెట్టడం కష్టం. కేసు ఇప్పటికే కోర్టులో ఉంటే, నాగరిక సురక్షా సంహిత (క్రిమినల్ కేసుల విచారణ పద్ధతి చట్టం) 94వ సెక్షన్ కింద ఆ రికార్డింగును నేరుగా తెప్పించమని మీ వకీలు కోరవచ్చు.