పోటా, వేటా? దానికంటే ముందు ఆ జిప్ ఫైల్ సంగతి

సెలవులు వచ్చాయంటే ఒకే సందేహాన్ని పదిమంది రాస్తారు. ఈసారి దేవరకొండ నుంచి ఒక డిగ్రీ విద్యార్థి రాసింది కాస్త వివరంగా ఉంది కాబట్టి దాన్నే తీసుకుంటున్నాను.

“సార్, అభిమానులు తయారుచేసిన జెల్డా తరహా గేమ్ ఒకటి ఆడుతున్నా. మొదట్లోనే కత్తి దాడి స్టాబ్ కావాలా, స్లాష్ కావాలా అని అడుగుతోంది. ఏది మంచిది? మధ్యలో మార్చుకోవచ్చా? ఇంకో మాట, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు యాంటీవైరస్ ఆపేయమని రాసి ఉంటే ఆపేశాను. మళ్లీ ఆన్ చేస్తే గేమ్ ఆగిపోతుందా?”

కత్తి గురించి ఆయన ఇంకా చాలా రాశారు, నేనే కుదించాను. యాంటీవైరస్ మాట మాత్రం చివర్లో పోతూ పోతూ అన్నట్టు ఉంది. నన్ను కంగారు పెట్టింది అదే. అయినా అడిగిన వరుసలోనే చెబుతాను.

ఈ రెండు దెబ్బలకూ మన దగ్గర మంచి మాటలున్నాయి. స్టాబ్ అంటే పోటు, స్లాష్ అంటే వేటు. గడ్డపార దిగినట్టు సూటిగా దిగేది పోటు. కొడవలి తిరిగినట్టు తిరిగేది వేటు. జెల్డా అంటే నింటెండో కంపెనీ సాహస గేముల వరుస. అందులో 1986లో వచ్చిన మొదటి గేమ్‌లో ఉన్నది పోటే. బటన్ నొక్కితే కత్తి ముందుకు పొడుచుకొస్తుంది. ప్రాణం ఎంతుందో చూపే గుండె బొమ్మలన్నీ నిండుగా ఉంటే మొన నుంచి ఒక మెరుపు కూడా దూసుకెళ్తుంది. 1991 నాటి మూడో గేమ్‌లో వేటు వచ్చింది. కత్తి పక్క నుంచి ముందుకు అర్ధచంద్రంలా తిరుగుతుంది. బటన్ నొక్కి పట్టి వదిలితే చుట్టూ గిర్రున తిరిగే దెబ్బ. అభిమానుల గేముల్లో ఈ పోలికలో వచ్చేవి ఎక్కువగా వీటిలో ఏదో ఒకదాన్ని పట్టుకుంటాయి. కొన్ని మాత్రం రెండూ ఇచ్చి మిమ్మల్నే ఎంచుకోమంటాయి.

వేటు అంటేనే గొప్ప అనుకుంటారు అందరూ, చూడటానికి బాగుంటుంది కాబట్టి. నిజానికి ఎదురుగా పరుగెత్తుకొచ్చే శత్రువుకు పోటే మేలు. నొక్కిన వెంటనే కత్తి పూర్తి పొడవు ముందుంటుంది. వేటులో కత్తి పక్క నుంచి బయల్దేరి ముందుకు తిరిగి వచ్చేసరికి కొన్ని ఫ్రేములు, అంటే తెర మీద బొమ్మ మారే విడతలు, గడుస్తాయి. సెకనుకు 60 ఫ్రేముల గేమ్‌లో ఒక్కో ఫ్రేము దాదాపు 17 మిల్లీసెకన్లు. ఆ కాస్త ఆలస్యంలోనే వాడు మిమ్మల్ని గుద్దేసి పోతాడు. అదే మూల నుంచి వచ్చే వాళ్లకు, గబ్బిలాల్లా దిక్కూ తెన్నూ లేకుండా ఎగిరే వాటికి పోటు పనికిరాదు. పైగా మొదటి గేమ్ పద్ధతిలో కథానాయకుడు 16 పిక్సెళ్ల గడుల్లో, సగం గడి చొప్పున సర్దుకుంటూ నడుస్తాడు. శత్రువుకు సరిగ్గా ఎదురుగా నిలబడితేనే పోటు తగులుతుంది. ఆ ఓపిక ఉన్నవాళ్లకు పోటు. మూడు పక్కల నుంచి మీద పడే గేమ్ అయితే వేటు. వేటుతో ఒక చిక్కుంది. కొట్టాలనుకోనివి కూడా తగులుతాయి. 1991 గేమ్‌లో కోడిని అదే పనిగా కొడితే కోళ్ల మంద వచ్చి మీద పడుతుంది. ఆ గేమ్ ఆడినవాళ్లకు చెప్పక్కర్లేదు.

అసలు తేడా పేరులో ఉండదు, గేమ్‌ను లోపలి నుంచి నడిపించే ప్రోగ్రామ్‌లో, అంటే ఇంజిన్‌లో ఉంటుంది. సోలారస్ అనే ఉచిత ఇంజిన్‌లో కత్తి బొమ్మ పిక్సెళ్లు శత్రువు బొమ్మను నిజంగా తాకుతున్నాయా అని చూసే ఏర్పాటు ఉంది. కొన్ని గేముల్లో అలా కాదు, బొమ్మ తిరుగుతుంది, దెబ్బ మాత్రం ముందుకే. అలాంటి చోట వేటు ఎంచుకోవడం అంటే నష్టాన్ని కొనుక్కోవడమే. తేల్చుకోవడానికి రెండు నిమిషాలు చాలు. ఒక పొద పక్కన ఐమూలగా నిలబడి కత్తి తిప్పండి. పొద తెగితే వేటు నిజమైనది. తెగకపోతే పోటుకు మారిపోండి. డాలు పట్టుకుని ఎదురు దెబ్బను ఆపే సైనికుల దగ్గర కూడా ఇదే పరీక్ష. పక్కగా ఉండి తిప్పితే తగిలే ఇంజిన్లున్నాయి, మీ మొహం ఎటుందో మాత్రమే చూసి ‘టంగ్’మనిపించేవీ ఉన్నాయి.

మధ్యలో మార్చుకోవచ్చా అంటే, అది తయారుచేసిన వాళ్ల దయ. ఇక్కడ నాకు కోపం కూడా వస్తుంది. ఇంకా ఒక్క శత్రువు మొహమైనా చూడని మనిషిని పట్టుకుని, మొదటి తెర మీదే దాడి పద్ధతి అడిగి, దాన్ని సేవ్ ఫైల్‌కు తాళం వేసి పెట్టడం ఏం డిజైన్? చీర మడత విప్పకుండానే బిల్లు వేసినట్టుంది. ఆప్షన్స్‌లో పెడితే సరిపోయే దానికి ఇంత పట్టుదల ఎందుకో. మీ గేమ్ కూడా అలాంటిదే అయితే రెండు సేవ్ స్లాట్లు తెరిచి, మొదటి గుహ వరకు రెండు పద్ధతుల్లోనూ ఆడి చూడండి.

ఇక యాంటీవైరస్.

ఇలాంటి గేములు చేసేవాళ్లలో ఎక్కువమంది డబ్బు ఆశించకుండా రాత్రిళ్లు కూర్చుని చేస్తారు. ప్రోగ్రామ్‌కు డిజిటల్ సంతకం ఉండాలంటే సర్టిఫికెట్ కొనాలి, గడువు తీరాక మళ్లీ కొనాలి. ఊరికే ఇచ్చే గేమ్‌కు ఎవరు కొంటారు? అందుకే నిఖార్సైన గేమ్ తెరిచినా విండోస్ అడ్డం వచ్చి, ఇదెవరో నాకు తెలియదు అంటుంది. మంచిదానికీ అదే హెచ్చరిక, దొంగదానికీ అదే హెచ్చరిక. నాలుగుసార్లు ‘అయినా రన్ చెయ్’ నొక్కిన వేలు ఐదోసారి ఆగుతుందా?

దీనికి తోడు ఇంకో తంటా. అభిమానుల గేములకు హక్కుదారుల నోటీసులు వస్తుంటాయి. నింటెండోదే అయిన మెట్రాయిడ్ వరుసలో రెండో గేమ్‌కు ఒక అభిమాని ఏళ్ల తరబడి కష్టపడి చేసిన ఏఎం2ఆర్ అనే రూపం 2016 ఆగస్టులో బయటికొచ్చింది. కొద్ది రోజుల్లోనే నోటీసుతో డౌన్‌లోడ్ లింకులు తీసేయాల్సి వచ్చింది. ఇలా అసలు లింక్ పోయిన మరుక్షణం నకళ్లు పుట్టుకొస్తాయి. తయారుచేసినవాడి ఇల్లు మూతపడింది, బయట పదిమంది అదే పేరుతో కొట్లు తెరిచారు. ఎవరి సంచిలో ఏముందో ఎవరికి తెలుసు?

మా బావకు మిర్యాలగూడలో రైస్ మిల్లు ఉంది. ఇంట్లో ఒక్కటే ల్యాప్‌టాప్. మిల్లు లెక్కలు, బావ మెయిల్, మా మేనల్లుడి గేములు అన్నీ అందులోనే. వాడు కిందటేడు ఇలాంటి నకలు లింక్ నుంచి ఒక జిప్ దింపాడు. జిప్‌కు పాస్‌వర్డ్ ఉంది, ఆ పాస్‌వర్డ్ లింక్ కిందే రాసి ఉంది. యాంటీవైరస్ ఆపమంటే ఆపాడు. డబుల్ క్లిక్ చేస్తే ఏమీ రాలేదు. లింక్ పాడైందనుకుని పడుకున్నాడు. తెల్లారేసరికి బావ మెయిల్‌లోకి ఇంకెవరో దూరి ఉన్నారు. ఓటీపీ రాలేదు, పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పలేదు, మరెలా అని బావ ఒకటే టెన్షన్.

ఎలా అంటే, మీరు ఒకసారి లాగిన్ అయ్యాక బ్రౌజర్ దగ్గర కుకీ అనే ఒక చీటీ ఉంటుంది. మళ్లీ మళ్లీ పాస్‌వర్డ్ అడగకుండా ఉండేది దానివల్లే. ఆ దొంగ ప్రోగ్రామ్ చేసే పని ఆ చీటీలను, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లను ఊడ్చి పంపేయడం. చీటీ చేతికొచ్చాక ఓటీపీతో పనేముంది? ఇక పాస్‌వర్డ్ పెట్టిన జిప్ ఎందుకంటే, లోపలున్నదాన్ని యాంటీవైరస్ తెరిచి చూడలేకపోవడానికి. పాస్‌వర్డ్ పక్కనే రాసి ఇచ్చే జిప్ కనిపిస్తే వదిలేయండి, దానికి ఇంకో ఆలోచన వద్దు.

ఒక తేడా గుర్తుపెట్టుకోండి. “తెలియని ప్రోగ్రామ్” అనడం వేరు, యాంటీవైరస్ పట్టుకుని పక్కన పెట్టేయడం వేరు. మొదటిది పరిచయం లేదనడం, రెండోది అనుమానం ఉందనడం. అనుమానం తప్పు కావచ్చు, చిన్న గేముల విషయంలో అలా జరుగుతుంది. అప్పుడు ఆ ఫైల్‌ను వైరస్‌టోటల్ అనే వెబ్‌సైట్‌లో వేసి చూడండి. పదుల సంఖ్యలో యాంటీవైరస్‌లు ఒకేసారి చూస్తాయి. ఒకటో రెండో ఎర్రగా ఉంటే ఆలోచించవచ్చు. సగం ఎర్రబడితే చెరిపేయండి. ఒక్క ఫైల్‌కు మినహాయింపు ఇచ్చుకునే వీలున్నప్పుడు మొత్తం కాపలాను ఇంటికి పంపడం దేనికి? పాత గేమ్‌ను మార్చి ఆడే ప్యాచ్‌లైతే ఐపీఎస్, బీపీఎస్ రకం ఫైళ్లుగా వస్తాయి. వాటిలో ఉండేది మార్పులు మాత్రమే, వాటంతట అవి నడవవు. ప్యాచ్ అని చెప్పి ఎవరైనా ఈఎక్స్ఈ, అంటే నొక్కితే నడిచే ప్రోగ్రామ్ ఫైల్, ఇస్తే అడగండి, ఎందుకని.

ఫైల్ పేరు చివరి మూడక్షరాలను దాచిపెట్టే అలవాటు కంప్యూటర్లకు ఎవరు నేర్పారో కానీ, ఇన్నేళ్లయినా మార్చరు. ‘గైడ్.పీడీఎఫ్’ అని కనిపించేదాని వెనక ‘.ఈఎక్స్ఈ’ నక్కి ఉంటుంది. అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ ఐకాన్ల మూలలు గుండ్రంగా చేయడానికి మాత్రం తీరిక ఉంటుంది.

దేవరకొండ మిత్రమా, యాంటీవైరస్ ఇప్పుడే ఆన్ చేసి పూర్తి స్కాన్ పెట్టండి. గేమ్ ఆగితే ఆగనివ్వండి. ఇంకో ఫోన్ నుంచి మీ మెయిల్‌లోకి వెళ్లి అన్ని డివైజ్‌ల నుంచి లాగౌట్ చేసి పాస్‌వర్డ్ మార్చండి. ఈ పని ఆ ల్యాప్‌టాప్‌లో చేయొద్దు. స్కాన్‌లో ఏదైనా దొరికితే విండోస్ కొత్తగా వేయించండి. డబ్బు పోయినట్టు తెలిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఫోన్‌లో ఆడేవాళ్లకూ ఇదే మాట. కత్తి తిప్పే గేమ్‌కు మీ ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి దేనికి? రైతు భరోసా పేరుతో, చలానా పేరుతో వాట్సాప్‌లో ఏపీకేలు (ఫోన్ యాప్ ఫైళ్లు) పంపేవాళ్లు అడిగేదీ అదే అనుమతి.

మహబూబ్‌నగర్ నుంచి ఒకరు: “పైకీ ఎడమకీ కలిపి వెళ్తూ కొడితే కత్తి లేవడం లేదు. గేమింగ్ కీబోర్డే కొన్నాను.”

గేమ్ తప్పు కాకపోవచ్చు. చవక కీబోర్డుల్లో కీలన్నీ అడ్డ, నిలువు వైర్ల గళ్ల మీద ఉంటాయి. కొన్ని జతలు నొక్కి ఉంచినప్పుడు మూడో కీ నొక్కితే కంప్యూటర్‌కు చేరదు. రెండు బాణాలు, స్పేస్ కలిపి నొక్కితే చాలాచోట్ల ఇదే గొడవ. దాడి కీని కంట్రోల్‌కు మార్చి చూడండి, అది చాలా కీబోర్డుల్లో పనిచేస్తుంది. షిఫ్ట్ మాత్రం వద్దు. ఐదుసార్లు వరుసగా కొట్టారో, స్టిక్కీ కీస్ పెట్టె లేచి సరిగ్గా బాస్ ఫైట్ మధ్యలో అడ్డం పడుతుంది. కింద ఏడు రంగుల లైట్లు వేసి గేమింగ్ అని రాసేవాళ్లు, ఎన్ని కీలు కలిపి నొక్కవచ్చో మాత్రం డబ్బా మీద రాయరు. నా మటుకు నేను లైట్లు లేనిదే కొంటాను.

గద్వాల నుంచి వచ్చిన ఉత్తరంలో ఒక్కటే లైను: “రోజూ సేవ్ చేస్తున్నా, రోజూ మొదటి నుంచే.” మీరు జిప్ విప్పకుండా దాని లోపలి నుంచే గేమ్ తెరుస్తున్నారు కదూ? అలా తెరిస్తే విండోస్ దాన్ని తాత్కాలిక ఫోల్డర్‌లో పెట్టి నడుపుతుంది. మీ సేవ్ కూడా అక్కడే పడి ఉంటుంది, రేపు తెరిస్తే ఇంకో కొత్త ఫోల్డర్. ముందు ఆ తాత్కాలిక (టెంప్) ఫోల్డర్‌లో గేమ్ పేరుతో వెతకండి. డిస్క్ క్లీనప్ చేసి ఉండకపోతే నిన్నటి ఆట ఇంకా అక్కడే ఉండొచ్చు. దొరికితే దాన్ని, గేమ్‌ను కలిపి డాక్యుమెంట్స్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి.