నారింజ పాముకు, బూడిద పాముకు మామూలు పిల్లలా?

ప్రశ్న: అట్లాంటాలో మా అబ్బాయి పెంచుతున్న కార్న్ స్నేక్‌లలో (విషంలేని అమెరికా పాములు) మగది ఎర్రకళ్లతో నారింజరంగులోనూ, ఆడది బూడిదరంగులోనూ ఉంటాయి. వాటి పిల్లలన్నీ నల్ల అంచున్న ఎర్రమచ్చలతో మామూలుగా పుట్టాయట. అమ్మినవాడు మోసం చేశాడా? మా పొలంలో కనిపించిన తెల్లతాచు కూడా ఇలాంటిదేనా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మోసమేమీ లేదండీ, పిల్లలు అలా పుట్టడమే సహజం. మగపాములో నల్లని మెలనిన్ తయారు కాదు, ఆడపాములో ఎరుపు వర్ణకం లోపించింది. మొదటిదాన్ని అమెలనిస్టిక్ అనీ, రెండోదాన్ని అనెరిత్రిస్టిక్ అనీ అంటారు. ఇవి వేర్వేరు జన్యువులకు చెందిన అంతర్గత లక్షణాలు కాబట్టి, తల్లిదండ్రులిద్దరి నుంచీ ఒకే జన్యువు లోపంతో అందితేనే బయటపడతాయి. ఇక్కడ తండ్రిలో చెడిన జన్యువు తల్లిలోనూ, తల్లిలో చెడినది తండ్రిలోనూ బాగానే ఉన్నందున, పిల్లలకు నలుపూ ఎరుపూ రెండూ దక్కాయి. మెలనిన్ లోపానికి కారణం ఓసీఏ2 జన్యువులో ఒక డీఎన్‌ఏ ముక్క చొరబడటమేనని 2015లో వెలువడిన పరిశోధన సూచించింది. మనుషుల్లో ఒక రకం ఆల్బినిజానికి (పుట్టుకతోనే రంగు లోపించడానికి) మూలం కూడా ఆ జన్యువే.

అసలు వింత తరువాతి తరంలో ఉంది. ఈ పిల్లల్ని పరస్పరం జతకట్టిస్తే, ఒక్కో గుడ్డు నుంచి నలుపూ ఎరుపూ రెండూ లోపించిన ‘స్నో’ అనే తెల్లపాము రావడానికి 16లో 1 వంతు అవకాశం ఉంటుంది, అయితే పదహారు గుడ్లకు ఒకటి వచ్చి తీరుతుందని కాదు. తోబుట్టువుల కంటే, అవే జన్యువులున్న బయటి పామును వెతకడమే మేలని నా అభిప్రాయం.

మీ పొలంలోని తెల్లతాచుదీ వర్ణకలోపమే అయి ఉండాలి. రంగు పోయినంత మాత్రాన విషం పోదు. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం తాచును పట్టి ఉంచుకోవడం నేరం.