ముందు అంకెలు పలుకు చిన్నీ

చిన్నీకి మామయ్య ఆశీస్సులు.

నాలుగు నెలల్లో చైనీస్ భాషా పరీక్ష హెచ్‌ఎస్‌కే నాలుగో లెవెల్ రాసేసి, చైనాలోని యీవూ వెళ్లి సరుకు కొంటానంటున్నావట. అక్క ఫోన్ చేసి చెప్పగానే ఎంత గర్వంగా అనిపించిందో! రాత్రి మాత్రం టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

రోజూ ఓ గంట కూర్చో, అక్షరాలు చేత్తో రాయి. ఇవి నీకొకరు చెప్పాలా? నా బెంగంతా స్వరాల గురించే, అంటే మాట పలికేటప్పుడు గొంతు లేపి దించే తీరు గురించే. వాటిని దాటేసి ముందుకు ఉరకకు.

యీవూ మార్కెట్‌లో నాతోపాటు తిరిగే స్నేహితుడొకడు ఉండేవాడు. మహా చురుకు. స్వరాల సంగతి తర్వాత చూద్దామని, బేరానికి పనికొచ్చే వాక్యాలన్నీ బట్టీ పట్టేశాడు. చైనీస్‌లో నాలుగుని ‘సి’ అంటారు, పదిని ‘షి’ అంటారు. ‘షిసి’ పద్నాలుగు, ‘సిషి’ నలభై. అక్కడివాళ్లు చాలామంది ‘షి’ని కూడా ‘సి’ లాగే పలుకుతారు. ఇక తేడా తెలిసేది స్వరంతోనే. నాలుగుకి గొంతు పైనుంచి ఒక్కసారిగా దిగాలి, పదికి కిందనుంచి లేవాలి. మనవాడు రెండూ ఒకేలా అన్నాడు. పద్నాలుగు పెట్టెల హెయిర్ క్లిప్పులు అడిగితే నలభై పెట్టెలు ప్యాక్ అయ్యాయి. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. డబ్బు పోతే పోయింది, ఆ రోజు నుంచి వాడు చైనీస్‌లో నోరు తెరవడమే మానేశాడు. షాపువాళ్లు కాలిక్యులేటర్ మీద రేటు కొట్టి చూపిస్తే, వీడూ కొట్టి చూపించేవాడు. అంత మాటకారి మూగవాడిలా తిరుగుతుంటే చూడలేకపోయేవాణ్ణి. గలగలా మాట్లాడే నీకు ఆ గతి పట్టకూడదమ్మా.

వరస తప్పకుండా కొంచెం కొంచెంగా సాగాలని చైనావాళ్లకు ‘శ్యున్ శ్యు జ్యెన్ జిన్’ అనే నానుడి ఉంది. ముందున్నది అర్థం కాకుండా తర్వాతదాని జోలికి పోవద్దని 12వ శతాబ్దపు పండితుడు జు షీ కూడా చెప్పాడు. 2010 నాటి హెచ్‌ఎస్‌కే సిలబస్ చూడు: మొదటి లెవెల్‌కి 150 మాటలు, తర్వాత 300, 600, 1,200. ఎప్పటికప్పుడు రెట్టింపు. కింద తప్పుగా పలికిన అక్షరం పైన ఎన్నో మాటల్లో మళ్లీ తగులుతుంది.

యాప్‌లో మంచి స్కోరు వచ్చిందని అమ్మకు చూపించి మురిసిపోయావట. బొమ్మలు నొక్కితే వచ్చిన స్కోరు అది. నీ గొంతు ఎవరు విన్నారు? నేను వింటాను. ఒకటి నుంచి తొంభై తొమ్మిది దాకా రికార్డ్ చేసి వాట్సాప్‌లో పంపు. తప్పులుంటే పలికి చూపిస్తాను, మళ్లీ పంపు. పరీక్ష ఫీజు నేనే కడతా, తేదీ మాత్రం నేను సరేనన్నాకే పెట్టుకో.

మామయ్య