ఓడిన మ్యాచ్‌ను ఎలా చదవాలి?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గరి ఒక ఉన్నత పాఠశాల. మా బాస్కెట్‌బాల్ జట్టు చుట్టుపక్కల బడులతో ఆడిన మ్యాచ్‌లన్నీ గెలిచింది. జిల్లా పోటీల్లో మాత్రం మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోయింది. మా పాయింట్లలో సగానికి పైగా పొడవైన కుర్రాడొకడే చేస్తాడు. గెలుపోటములు కాదు, ఆట తీరు చూసుకోవాలని పెద్ద పెద్ద ప్రొఫెషనల్ కోచ్‌లు చెబుతుంటారు. గెలవకపోతే వాళ్ల ఉద్యోగాలే ఊడతాయి కదా! ఆ మాటలో నిజమెంత?
– ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు

జవాబు: మీ అనుమానం సబబే. వరుసగా ఓడిపోయే జట్టు కోచ్‌ను ఏ యాజమాన్యమూ ఎక్కువ కాలం భరించదు కాబట్టి, గెలుపు తనకు పట్టదనే ప్రొఫెషనల్ కోచ్ మాటను నేనైతే నమ్మను. వాళ్లలో ఆలోచనాపరులు చెప్పేది వేరు. ఎవరు గెలిచారో స్కోరు చెబుతుంది, ఎందుకు గెలిచారో కోచ్ వెతుక్కోవాలి.

అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో శాన్ ఆంటోనియో స్పర్స్ జట్టు కోచ్‌గా ఐదు టైటిళ్లు గెలిచిన గ్రెగ్ పోపోవిచ్ సంగతే చూడండి. నాలుగు మ్యాచ్‌లు గెలిచినవారికి టైటిల్ దక్కే ఫైనల్స్‌లో, 2013లో మయామి హీట్ జట్టుపై 3-2 ఆధిక్యంతో ఆరో మ్యాచ్‌కు వచ్చిన ఆయన జట్టు, ఆటలో అర నిమిషం కూడా మిగలని దశలో ఐదు పాయింట్ల ముందంజలో ఉంది. ఆ కొద్ది సెకన్లలో మయామి ఒక మూడు పాయింట్ల షాట్‌తో తేడా తగ్గించింది, స్పర్స్ ఆటగాడొకరు రెండు ఫ్రీ త్రోల్లో (ఫౌల్‌కు బదులుగా ఎవరూ అడ్డుకోకుండా వేసే షాట్లు) ఒకటి వదిలేశారు. ఆ తర్వాత మయామి షాట్ తప్పినా రీబౌండ్ (బుట్టలో పడక వెనక్కి వచ్చిన బంతి) మళ్లీ వాళ్ల చేతికే చిక్కింది. బంతి మూలనున్న మయామి ఆటగాడు రే అలెన్‌కు చేరడం, ఆయన మూడు పాయింట్ల షాట్‌తో స్కోరు సమం కావడం రెప్పపాటులో జరిగిపోయాయి. అదనపు సమయంలో ఆ మ్యాచ్, రెండు రోజులకు ఏడో మ్యాచ్, వాటితో పాటు టైటిలూ చేజారాయి. దురదృష్టమని సరిపెట్టుకున్నా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. పోపోవిచ్ మాత్రం తర్వాతి సీజన్ శిక్షణ శిబిరంలో ఆ మ్యాచ్‌ల వీడియోను ఆటగాళ్లందరినీ కూర్చోబెట్టి చూపించారు. 2014లో అదే మయామిని 4-1తో ఓడించారు.

మీకు వీడియో అక్కర్లేదు, బెంచి మీద కూర్చున్న ఒక విద్యార్థి చేతిలో నోటుబుక్కు ఉంటే చాలు. షాట్ వేయకుండానే బంతి ఎన్నిసార్లు పోగొట్టుకున్నాం, మన బుట్ట కింద ప్రత్యర్థికి రెండో అవకాశం ఎన్నిసార్లు ఇచ్చాం, ఎన్ని ఫ్రీ త్రోలు వృథా చేశాం అన్న మూడింటికీ గీతలు గీయమనండి. గెలిచిన మ్యాచ్‌లకూ ఈ లెక్క రాయించడం తప్పనిసరి, ఎందుకంటే బలహీనమైన జట్టు మీద పాతిక పాయింట్ల తేడాతో గెలిచిన రోజున ఈ లోపాలేవీ కంటికి ఆనవు. చుట్టుపక్కల బడులతో ఆడినప్పుడు మీ పొడవైన కుర్రాడికి ఎదురులేకపోయి ఉంటుంది. జిల్లా పోటీల్లో అతని మీద ఇద్దరు కాపలా కాస్తే మిగిలిన నలుగురికీ ఏం చేయాలో తోచకపోయి ఉంటుందని నా ఊహ. ఆ నలుగురినీ గమనించండి. అతని చేతికి బంతి వెళ్లగానే నిలబడిపోయి చూస్తున్నారా, ఖాళీ జాగాలోకి కదులుతున్నారా? షాట్ గాలిలో ఉండగా బంతినే చూస్తున్నారా, ప్రత్యర్థిని వీపుతో అడ్డుకుంటున్నారా?

మీ ప్రధానోపాధ్యాయులు తొందరపడుతుంటే ఒక సంగతి చెప్పండి. అమెరికా కళాశాల బాస్కెట్‌బాల్‌లో పది జాతీయ టైటిళ్లు గెలిచిన జాన్ వుడెన్ 1948లో లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ విశ్వవిద్యాలయ జట్టు కోచ్‌గా చేరారు. మొదటి టైటిల్ 1964లో, ఆయన పదహారో సీజన్‌లో వచ్చింది.

ప్రశ్న: మా అమ్మాయి వనపర్తిలో తొమ్మిదో తరగతి. బడి జట్టులో ఉన్నా మ్యాచ్‌లో ఐదారు నిమిషాలకు మించి ఆడనివ్వడం లేదు. వాళ్ల సారును అడగవచ్చా?
– ఒక తల్లి

జవాబు: తప్పకుండా అడగవచ్చు, అయితే మ్యాచ్ రోజున, నలుగురి ముందు వద్దు. ఎక్కువసేపు ఎందుకు ఆడించరని కాకుండా, ఇంకేం నేర్చుకుంటే ఆడిస్తారని మీ అమ్మాయి చేతనే అడిగించండి. సారుకు నేను చెప్పేదీ ఒకటుంది. పైన చెప్పిన స్పర్స్ జట్టులో 2013-14 సీజన్‌లో ఒక్క ఆటగాడి సగటు కూడా మ్యాచ్‌కు 30 నిమిషాలు దాటలేదు. ఎన్‌బీఏ మ్యాచ్ 48 నిమిషాలు. జట్టు మేటి ఆటగాడు టిమ్ డంకన్ అంతటివాణ్ణి కూడా బెంచి మీద కూర్చోబెట్టి మిగతావారిని ఆడించారు కాబట్టే ఫైనల్స్ నాటికి అందరి కాళ్లలోనూ సత్తువ మిగిలింది. పిల్లల జట్టులో ఆ పని ఇంకా సులువు కావాలి.

ప్రశ్న: ఇంటి దగ్గర ప్రాక్టీసులో ఫ్రీ త్రోలు వరుసగా పడతాయి, మ్యాచ్‌లో పడవు. భయమే కారణమా?
– ఇంటర్ విద్యార్థి, మిర్యాలగూడ

జవాబు: భయం కొంత, అలసట ఎక్కువ. గీత దగ్గర నిలబడి యాభై షాట్లు వరుసగా వేస్తే చేతికి ఒక లయ వస్తుంది. మ్యాచ్‌లో ఆ లయ దొరకదు. పరుగెత్తి, ఢీకొని, రొప్పుతూ వచ్చి రెండే రెండు వేయాలి. అందుకే కోర్టు ఈ చివరి నుంచి ఆ చివరికి రెండుసార్లు పరుగెత్తి రెండు వేయండి, మళ్లీ పరుగెత్తి మరో రెండు వేయండి. మన ఎండలకు పది గంటలకే సిమెంటు కోర్టు కాలుతుంది కాబట్టి, ఇదంతా తెల్లవారుజామునే ముగించండి.