టోకెన్ కొన్నాడా, డబ్బు వాడుకున్నాడా?

ప్రశ్న: కరీంనగర్‌లో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. కొత్తగా వస్తున్న ఒక క్రిప్టో టోకెన్‌ను ప్రీసేల్‌లోనే, అంటే మార్కెట్లోకి రాకముందే కొంటే పదింతలు అవుతుందని మా బావమరిది చెప్పాడు. గుడ్డిగా నమ్మలేదు. అతనిచ్చిన వైట్‌పేపర్‌ను (ప్రాజెక్టు గురించి దాని నిర్వాహకులే రాసే పత్రం) ఏఐ చాట్‌బాట్‌లో పెట్టి మూడు రాత్రులు ప్రశ్నలు అడిగాను. బలమైన ప్రాజెక్టు అంది. 2024 జనవరి 18న అతని బ్యాంకు ఖాతాకు రూ.6,50,000 పంపాను. టోకెన్లు రాలేదు. ఏప్రిల్‌లో గట్టిగా అడిగితే ‘మేలో సర్దుతా బావా, నాదీ పూచీ’ అని వాట్సాప్ పెట్టాడు. ఇప్పుడు ఫోన్ ఎత్తడు. అత్తగారింటితో మాటల్లేవు, టెన్షన్‌తో నిద్ర లేదు. ఏఐ కంపెనీ మీద కేసు వేయొచ్చా? 2021లో చేబదులు తీసుకున్నప్పుడు అతను సంతకం చేసిచ్చిన ఖాళీ ప్రోనోటు నా దగ్గరే ఉండిపోయింది. ఆ బాకీ తీర్చేశాడు. దాన్ని నింపి దావా వేస్తే పని త్వరగా అవుతుందని ఒకరు అన్నారు. నిజమేనా?

జవాబు: మీరు పంపిన కాగితాల్లో నలభై పేజీలు ఏఐ చాట్, ఒక్క పేజీ బ్యాంకు స్టేట్‌మెంట్. మీ కేసు నిలబడేది ఆ ఒక్క పేజీ మీద.

తేలాల్సింది ఒక్కటే. జనవరి 18న మీ బావమరిది ఖాతాలో పడ్డ ఆరున్నర లక్షలు ఆ తర్వాత ఎటు వెళ్లాయి? రెండేళ్లు దాటినా ఈ ప్రశ్న మీరు అతన్ని రాతపూర్వకంగా ఒక్కసారి కూడా అడగలేదు. ‘ఎప్పుడిస్తావు’ అని అడిగారే తప్ప ‘ఏం చేశావు’ అని అడగలేదు.

ఈ తేడాలోనే కేసంతా ఉంది. అతను నిజంగానే మీ పేరున ప్రీసేల్‌లో పెట్టి, ప్రాజెక్టువాళ్లు బోర్డు తిప్పేస్తే, అతను మీ ఏజెంటు మాత్రమే. అతనూ మునిగినట్టే. అప్పుడు మోసం కేసు నిలవడం కష్టం, ఎందుకంటే డబ్బు తీసుకునేనాటికే మోసగించే ఉద్దేశం ఉందని రుజువు కావాలి. ‘నాదీ పూచీ’ అన్న మాట ఒక్కటే మీకు కాస్త ఆధారం. డబ్బు అతని దగ్గరే ఆగిపోయి ఉంటే కథ వేరు. డబ్బు తిరిగివ్వాలి, క్రిమినల్ బాధ్యత కూడా రావచ్చు.

మామూలు చిట్టీ కేసుల్లో ఇది తేల్చడం తలనొప్పి. క్రిప్టోలో కొంత సులువు. కొని ఉంటే ఆ లావాదేవీకి హ్యాష్ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఇథీరియం లాంటి బ్లాక్‌చైన్‌లలో (లావాదేవీల బహిరంగ చిట్టాల్లో) అయితే సున్నా, ఎక్స్‌తో మొదలయ్యే పొడవాటి సంఖ్య అది. ఆ చిట్టాను చూపించే ఎక్స్‌ప్లోరర్ వెబ్‌సైట్‌లో వేస్తే ఏ రోజు, ఏ వాలెట్ (క్రిప్టో ఖాతా) నుంచి, ఎంత వెళ్లిందో ఎవరైనా చూడొచ్చు. అయితే ఎవరిదో హ్యాష్ తెచ్చి చూపించే ప్రబుద్ధులూ ఉంటారు. కాబట్టి రూపాయల్ని క్రిప్టోగా మార్చిన ఎక్స్ఛేంజ్ స్టేట్‌మెంట్ కూడా అడగండి. 2023 మార్చి నుంచి ఈ ఎక్స్ఛేంజ్‌లు మనీలాండరింగ్ నిరోధక చట్టం పరిధిలో ఉన్నాయి, కేవైసీ రికార్డులు ఉంచాలి. అవసరమైతే కోర్టు ద్వారా తెప్పించవచ్చు. అడిగినప్పుడు లెక్క చెప్పడం ఏజెంటు బాధ్యత అని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 213 చెబుతోంది. హ్యాష్ చూపించలేకపోతే అదే మీకు పెద్ద సాక్ష్యం.

క్రిప్టో వ్యవహారమే చట్టవిరుద్ధం, కోర్టు ముట్టుకోదు అని అవతలివాళ్లు అనవచ్చు. బెదరకండి. రిజర్వు బ్యాంకు ఆంక్షల సర్క్యులర్‌ను సుప్రీంకోర్టు 2020 మార్చిలోనే కొట్టేసింది. క్రిప్టో ఆస్తేనని మద్రాసు హైకోర్టు 2025 అక్టోబర్‌లో చెప్పింది.

ఇక కాలపరిమితి. డబ్బు దావాకు మూడేళ్లు. టోకెన్లు రాని రోజు నుంచి లెక్కించాలని, మోసం తెలిసిన రోజు నుంచని వాదించే వీలుంది. వాట్సాప్‌లో బాకీ ఒప్పుకున్నాడు కాబట్టి కాలపరిమితి చట్టం సెక్షన్ 18 కింద కొత్త గడువు వస్తుందనీ అనవచ్చు. కానీ ఆ సెక్షన్ సంతకం అడుగుతుంది, వాట్సాప్ మెసేజ్ సంతకం కిందికి వస్తుందా అన్నది మళ్లీ ఒక వాదన. ఇవన్నీ ఆలస్యమైనవాళ్లు పట్టుకునే గడ్డిపోచలు. మీరు డబ్బు పంపిన రోజు నుంచే లెక్కపెట్టుకుని 2027 జనవరి 18 లోపు దావా దాఖలు చేయండి. సంక్రాంతి సెలవులయ్యాక చూద్దాంలే అనుకునే తేదీ అది. అలా అనుకోకండి.

ఏఐ కంపెనీ మీద కేసు సంగతి మరిచిపోండి. అమ్మేవాడు రాసిన వైట్‌పేపర్ ఇచ్చి ‘ఇది మంచిదేనా’ అంటే, అది చదివింది అమ్మేవాడి మాటలే కదా. పెళ్లికొడుకు గురించి పెళ్లికొడుకునే వాకబు చేసినట్టుంది. పైగా మీ చాట్ పదకొండో పేజీలో ‘టీమ్ ఎవరో, స్మార్ట్ కాంట్రాక్టు (టోకెన్‌ను నడిపే కోడ్) ఆడిట్ ఎవరు చేశారో స్వయంగా సరిచూసుకోండి, మొత్తం డబ్బు పోవచ్చు’ అని అది స్పష్టంగా హెచ్చరించింది. దాని కిందే మీ ప్రశ్న: ‘అది సరే, ఎన్ని రెట్లు పెరుగుతుంది?’ అవతలి లాయరు క్రాస్ ఎగ్జామినేషన్‌లో మీ చేతే ఈ పేజీ చదివిస్తాడు. అలాగని చాట్ తుడిచేయకండి, సాక్ష్యం నాశనం చేయడం నేరం. అందులో మేలు కూడా ఉంది. మీ బావమరిది పెట్టిన మెసేజ్‌ను డబ్బు పంపడానికి రెండు రోజుల ముందు అందులో అతికించారు. ‘నా ఖాతాకు వేయి, నేను కొని నీ వాలెట్‌కు మారుస్తా’ అన్న ఆ మాట అతన్ని ఏజెంటుగా నిలబెడుతుంది. ఒరిజినల్ మెసేజ్ అతను డిలీట్ చేశాడంటున్నారు కాబట్టి దీని విలువ ఇంకా ఎక్కువ.

ప్రోనోటు జోలికి మాత్రం వెళ్లకండి. తీరిపోయిన బాకీ కాగితాన్ని జరగని అప్పుకు నింపి కోర్టులో పెడితే అది తప్పుడు సాక్ష్యం సృష్టించడం. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల వరకు శిక్ష. దొరకడమూ తేలికే. 2021 బాకీ తీర్చిన ఎంట్రీ అతని స్టేట్‌మెంట్‌లో ఉంటుంది, టోకెన్ల గురించి మీరు పెట్టిన మెసేజ్‌లు అతని ఫోన్‌లో ఉంటాయి. అప్పుడు ఆరున్నర లక్షల నిజం కూడా అబద్ధంగానే కనిపిస్తుంది. ఆ సలహా ఇచ్చిన పెద్దమనిషి మీతో బోనెక్కడు. ఆ నోటుపై ‘చెల్లు’ రాసి, ఫొటో తీసుకుని, లాయరు నోటీసుతో పాటు అతనికి పంపేయండి. మీ నిజాయితీకి అదే రుజువు.

నోటీసు స్పీడ్ పోస్టులో, అక్నాలెడ్జ్‌మెంట్‌తో వెళ్లాలి. పదిహేను రోజుల్లో హ్యాష్, వాలెట్ అడ్రస్, ఎక్స్ఛేంజ్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి, లేదా వడ్డీతో డబ్బు ఇవ్వాలి అని అందులో అడగాలి. ఈలోగా బ్యాంకు నుంచి సర్టిఫై చేసిన స్టేట్‌మెంట్ తెచ్చుకోండి. ఫోన్ మార్చకండి, అమ్మకండి. వాట్సాప్, ఏఐ చాట్ రెండూ ఎక్స్‌పోర్ట్ చేయించి, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావాల్సిన భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ సిద్ధం చేయించండి. అందులో మీరు సంతకం చేసే భాగం, నిపుణుడు సంతకం చేసే భాగం వేర్వేరు. ఉత్త స్క్రీన్‌షాట్లతో వస్తే అభ్యంతరం తప్పదు.

సమాధానం రాకపోతే లేదా హ్యాష్ బోగస్ అని తేలితే సైబర్ క్రైమ్ ఫిర్యాదు పెట్టండి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి డబ్బు పోయిన గంటల్లో ఫోన్ చేసి ఉంటే ఖాతా స్తంభింపజేసే అవకాశం ఉండేది, ఇప్పుడది దాటిపోయింది. నేరం 2024 జూలైలో న్యాయ సంహిత అమల్లోకి రాకముందుది కాబట్టి పాత ఐపీసీ 406 (నమ్మకద్రోహం), 420 (మోసం) సెక్షన్లే వర్తిస్తాయి.

ఇంటి బంధుత్వం కాబట్టి దావాకు ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టి లోక్ అదాలత్‌లో కూర్చోవచ్చు. కోర్టు ఫీజు ఉండదు, రాజీ కుదిరితే ఆ అవార్డు డిక్రీతో సమానం. అక్కడ వాయిదాలు నడుస్తున్నాయి కదా అని కాలపరిమితి ఆగిందనుకోకండి. నవంబర్ కల్లా తేలకపోతే దావా కాగితాలు తయారు చేయించండి.