పాత కారు బుష్‌లకు పర్సనల్ లోనా?

ప్రశ్న: నా దగ్గర 1972 నాటి ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఉంది. ఆదివారాలు మాత్రమే బయటికి తీస్తాను. కొన్నాళ్లుగా బ్రేకు వేస్తే ఒక పక్కకు లాగుతోంది. గతుకుల్లో ముందు నుంచి టకటకమని చప్పుడు. ముందు టైర్లు లోపలి అంచుల దగ్గర అరిగిపోతున్నాయి. మెకానిక్ చూసి, ముందు సస్పెన్షన్ బుష్‌లన్నీ (కీళ్లలో ఉండే రబ్బరు ముక్కలు) పోయాయి, మార్చి అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేయించాలన్నారు. ఎస్టిమేట్ మా ఇంటి నెల ఖర్చుకు దాదాపు ఒకటిన్నర రెట్లు వచ్చింది. మూడేళ్ల పర్సనల్ లోన్ 10 శాతం ఫ్లాట్ వడ్డీకి ఇస్తామంటున్నారు. లేదంటే క్రెడిట్ కార్డు మీద చేయించి నెలనెలా కొంత కట్టుకుంటూ పోవచ్చు. రెండింట్లో ఏది మేలు? ఇంట్లో నా ఒక్కడి జీతమే, ఇద్దరు పిల్లలు. ఆరోగ్య బీమా ఆఫీసు వాళ్లు ఇచ్చింది ఉంది.

జవాబు: రెండూ వద్దు. మీరు అడిగింది ఏ అప్పు మేలని. అసలు అప్పు అవసరమా అని మీరు ఆలోచించినట్టే లేదు. ఇలాంటి ఉత్తరాలు చాలా వస్తుంటాయి. కారు కాకపోతే ఇంటి పైకప్పు, అదీ కాకపోతే ఫర్నిచర్. ఏళ్ల తరబడి అరుగుతూ వచ్చిన వస్తువు ఒకరోజు చప్పుడు చేయగానే దాన్ని ఎమర్జెన్సీ అనుకుని అప్పుకు పరుగెత్తడం అన్నింట్లోనూ కనిపించే తప్పు. అందుకే మీ ఉత్తరానికి కాస్త వివరంగా రాస్తున్నాను.

లెక్క సులువుగా ఉండటానికి మీ ఇంటి నెల ఖర్చును 100 అనుకుందాం. మీరు పంపిన వివరాల ప్రకారం ఎస్టిమేట్ 140, బ్యాంకులో దాచుకున్నది 110, అన్ని ఖర్చులూ పోను నెలనెలా మిగిలేది 20. అంటే జీతం ఆగిపోతే మీ ఇల్లు గడిచేది ఒక నెల, మహా అయితే ఇంకో మూడు రోజులు. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో, ఒకే జీతం మీద, ఇదీ పరిస్థితి. నన్నడిగితే మీ ఉత్తరంలో భయపెట్టే అంకె 140 కాదు, ఈ 110.

ఇక ఆ ఫ్లాట్ వడ్డీ. మూడేళ్లకు 10 శాతం ఫ్లాట్ అంటే, ప్రతి నెలా మీరు అసలు తీరుస్తూ వస్తున్నా వడ్డీ మాత్రం మొదటి రోజున్న మొత్తం మీదే వేస్తారు. తగ్గే బాకీ మీద లెక్కగడితే అది దాదాపు 18 శాతం. 140 తీసుకుని 182 కడతారు. పైన పడే 42తో మీకు అవసరమైన పనిలో ముప్పాతిక వంతు అయిపోతుంది, ఆ లెక్క కిందకి వస్తుంది. కార్డు సంగతి ఇంకా ఘోరం. నెలకు 3 శాతం వడ్డీ, మినిమం డ్యూ (నెలకు కనీసం కట్టాల్సింది) 5 శాతం అనుకోండి. మొదటి నెల మీరు 7 కడితే అందులో 4.2 వడ్డీకే పోతుంది. ఆ 3 శాతం చక్రవడ్డీగా ఏడాదికి 42.6 శాతం అవుతుంది. బాకీ మిగిలి ఉన్నన్నాళ్లూ అదే కార్డు మీద కొన్న పాలప్యాకెట్టుకు కూడా సాధారణంగా మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. ‘నెలనెలా కొంత కట్టుకుంటూ పోవచ్చు’ అని అంత తేలిగ్గా ఎలా రాశారో నాకు అర్థం కాలేదు.

లోన్ కిస్తీ నెలకు 5 మాత్రమే కదా, మిగులు 20 ఉంది కదా అంటారు. కట్టగలరు, కాదనను. కానీ జీతం ఆగిన నెలలో కూడా కిస్తీ ఆగదు. పైగా పాత కారు విప్పాక ఎస్టిమేట్ అంతకంతే ఉండటం అరుదు. తుప్పు పట్టిన బోల్టు విరుగుతుంది, ఇంకేదో అరిగి కనబడుతుంది. కారు లిఫ్టు మీద వేలాడుతుండగా మీరు మళ్లీ అప్పుకు వెళ్తారు. టాపప్ లోన్లు (ఉన్న అప్పు మీద తీసే అదనపు అప్పులు) ఎక్కువగా పుట్టేది ఇలాంటి చోటే.

మీకు కలిసొచ్చే విషయం ఒకటుంది, దాన్ని మీరు గమనించలేదు. ఇది ఆదివారం కారు. బ్రేకు వేస్తే పక్కకు లాగే కారును ఎలాగూ రోడ్డెక్కించకూడదు. కాబట్టి షెడ్డులో పెట్టేయండి. పెట్టినందువల్ల బుష్ ఇంకా అరగదు, టైరూ అరగదు. రోజూ ఆఫీసుకు తీసే కారైతే నా సలహా వేరుగా ఉండేది. మీకు మాత్రం ఆలస్యం వల్ల పోయేది కొన్ని ఆదివారాలే.

షెడ్డులో ఉండగానే ఎస్టిమేట్‌ను మళ్లీ చదవండి. మీరు జతచేసిన కాగితంలో 140లో అసలు పని 55 దాటదు. బుష్‌లు, పై కీలైన ట్రనియన్ బుష్‌లు, మలుపుల్లో కారు ఒరగడాన్ని తగ్గించే యాంటీ రోల్ బార్ రబ్బర్లు, లేబర్, అలైన్‌మెంట్, అంతే. మిగతా 85 పనిలో పనిగా చేరినవి: కొత్త స్ప్రింగులు, ఎత్తు తగ్గించే కిట్, విడిభాగాలకు పౌడర్ కోటింగ్, పాలీయూరిథేన్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసిన బుష్‌ల సెట్టు. అప్పు డబ్బు చేతిలో ఉందనగానే ఇలాంటివన్నీ అవసరాల్లా కనిపిస్తాయి. సొంత డబ్బైతే మీరే గీత గీసేవారు.

ఆ 55లో కూడా ముందు తేల్చుకోవాల్సినవి ఉన్నాయి. బ్రేకు వేసినప్పుడు లాగడం బుష్‌ల వల్లే కానక్కర్లేదు. ముందు క్యాలిపర్‌లో (బ్రేకు ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) పిస్టన్ పట్టేసినా లాగుతుంది. అది చూడమనండి. తర్వాత ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపించండి. ఆట (వదులు కదలిక) కనిపిస్తే ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి. ఆట పోతే వీల్ బేరింగ్‌ది, పోకపోతే కింగ్‌పిన్‌దో (స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం తిరిగే నిలువు ఇరుసు) ట్రనియన్‌దో. ఎంజీబీలో ముందు లీవర్ ఆర్మ్ డ్యాంపరే (కుదుపులను అణిచే భాగం) చక్రాన్ని పట్టుకునే పై ఆర్మ్‌గా కూడా పనిచేస్తుంది. దాని ఇరుసు వదులైతే కింద ఎన్ని కొత్త బుష్‌లు వేసినా చక్రం నిటారుగా నిలవదు. ఇవన్నీ విప్పకముందే చూడగలిగినవి. ఈ పరీక్షలకు పెట్టే చిన్న మొత్తం నేను ఆనందంగా ఒప్పుకునే ఖర్చు.

బుష్‌ల రకం మీద వాదనలు బోలెడు. కింది విష్‌బోన్‌లకు (చక్రాన్ని పట్టుకునే కింది ఆర్మ్‌లు) మామూలుగా సగం సగంగా వచ్చే రబ్బరు ముక్కలు రెండు పక్కలా కలిపి ఎనిమిది పడతాయి. వాటి బదులు ఎంజీబీ జీటీ వీ8 మోడల్‌కు వాడిన, ఇనుప స్లీవ్ ఉన్న బుష్‌లు నాలుగు వేయించుకునేవాళ్లు చాలామంది. ఆదివారం నడిపే కారుకు అవి చాలు. ఇక్కడ మాత్రం చవకబారు సరుకు కొనకండి. బుష్ ధర కంటే దాన్ని మార్చే లేబరే ఎక్కువ. నాసిరకం రబ్బరు రెండేళ్లలో చిట్లితే ఆ లేబరు మళ్లీ కట్టాలి.

అలైన్‌మెంట్ అన్నింటికంటే చివర. టై రాడ్ ఎండ్‌లతో (స్టీరింగ్ కడ్డీల చివరి కీళ్లు) సహా అరిగినవన్నీ మార్చాకే. మీ కారుకు మామూలుగా సర్దగలిగేది టో ఒక్కటే, అంటే ముందు చక్రాల మొనలు లోపలికో బయటికో ఎంత తిరిగి ఉన్నాయన్నది. క్యాంబర్ (చక్రం నిలువు వంపు), క్యాస్టర్ (స్టీరింగ్ ఇరుసు వాలు)లకు ఫ్యాక్టరీ సర్దుబాటు లేదు, వెనక ఒకే గట్టి యాక్సిల్, అక్కడా సర్దేదేమీ లేదు. కాబట్టి ‘నాలుగు చక్రాల పూర్తి సెట్టింగ్’ పేరుతో అడిగే అదనపు డబ్బు దేనికో అడగండి. కొలతలు నాలుగింటికీ తీయడం మంచిదే, సర్దేది మాత్రం ముందు టో. అది లోపలికి రెండు మిల్లీమీటర్ల దగ్గర్లో ఉండాలి. ఆ కాస్త తప్పినందుకే మీ టైర్లు లోపలి అంచుల్లో కోసుకుపోయి ఉండొచ్చు.

ఇప్పుడు డబ్బు ఎలా అన్నది. నెలకు మిగిలే 20లో 12 అత్యవసర నిధికి, 8 కారుకు. రెండింటికీ వేర్వేరు ఖాతాలు పెట్టండి, కలిపి ఉంచితే మొదటి నెలలోనే కలిసిపోతాయి. ఏడు నెలల్లో కారు ఖాతాలో 56 ఉంటుంది, పని అయిపోతుంది. ఈలోగా నిధి 110 నుంచి 194కు చేరుతుంది. ఆ తర్వాత మొత్తం 20 నిధికే మళ్లిస్తే మరో ఆరు నెలల్లో మూడు నెలల ఖర్చు, మొదటి నుంచి లెక్కేస్తే రెండేళ్ల నాలుగు నెలల్లో ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంటాయి. ఒకే జీతమున్న ఇంటికి ఆరు నెలలకు తక్కువ నేను ఒప్పుకోను. ఉద్యోగం పోయాక కొత్తది దొరికేదాకా స్కూలు ఫీజు ఆగదు, అద్దె ఆగదు. ఆరు నెలలు నిండేదాకా పౌడర్ కోటింగ్ మాట ఎత్తకండి. విప్పాక ఖర్చు పెరిగితే కారు ఇంకో రెండు నెలలు షెడ్డులో ఉంటుంది. నిధి నుంచి మాత్రం ఒక్క పైసా తీయకండి, ఆ 110 మీద చేయి పెట్టి ‘మళ్లీ నింపేస్తాలే’ అనుకున్నవాళ్లలో నింపినవాళ్లు తక్కువ.

మిగతావి క్లుప్తంగా. ఆఫీసు ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుంది, సొంతంగా ఒకటి తీసుకోండి. ఆ ప్రీమియం వల్ల కారు పని ఇంకాస్త వెనక్కి జరిగినా ఫర్వాలేదు. అరుగుదలకు మోటారు బీమా డబ్బు ఇవ్వదు, ఆ ఆశ వద్దు. కారు విలువను ముందే ఒప్పుకుని రాసే పాలసీ దొరికితే రెన్యువల్‌లో అడగండి. బంధువుల దగ్గర చేబదులు తీసుకున్నా అది అప్పే.

పని చేయించే రోజున మెకానిక్‌తో రెండు మాటలు ముందే అనుకోండి. విప్పాక అదనంగా ఏది మార్చాలన్నా ఫోన్ చేసి ఒప్పుకున్నాకే మార్చాలి. బుష్‌ల బోల్టుల చివరి బిగింపు కారు చక్రాల మీద నిలబడ్డాకే జరగాలి. గాల్లో ఉండగా బిగిస్తే కారు కిందికి దిగగానే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది. అలైన్‌మెంట్‌కు ముందు, తర్వాత కొలతల ప్రింట్ తీసుకుని బిల్లుతోపాటు దాచండి.